కాగితం మీద లేని పని



తెనాలిలో పుట్టిన శారదగారు మీకందరికీ తెలుసు. ఉత్తమ నటిగా జాతీయ పురస్కారం ఆమెకు మూడుసార్లు వచ్చింది. రెండు మలయాళ చిత్రాలకు, 'తులాభారం'కి, 'స్వయంవరం'కి. మూడోది మన తెలుగు 'నిమజ్జనం'కి. అందుకే ఊర్వశి శారద అన్నాం. 1996లో తెనాలి నుంచే గెలిచి లోక్‌సభకు కూడా వెళ్లారు. ఇవన్నీ మనం తరచూ చెప్పుకుంటాం. ఆమె చేసిన ఇంకో పెద్ద పని గురించి మన వైపు ఎక్కువ మందికి తెలియదు. మలయాళ సినిమా రంగంలో ఆడవాళ్లు ఎలా పని చేస్తున్నారో తెలుసుకోవడానికి 2017లో కేరళ ప్రభుత్వం ముగ్గురితో ఒక సంఘం వేసింది. హైకోర్టు మాజీ న్యాయమూర్తి జస్టిస్ హేమ అధ్యక్షురాలు. విశ్రాంత ఐఏఎస్ అధికారి వల్సలకుమారి ఒక సభ్యురాలు. మరో సభ్యురాలు మన శారదగారు.

ఆ సంఘం ఎందుకు వచ్చిందో కూడా చెప్పాలి. 2017 ఫిబ్రవరిలో కొచ్చిలో ఒక ప్రముఖ నటిని కారులో ఎత్తుకుపోయి లైంగిక దాడి చేశారు. ఆమె పోలీసుల దగ్గరకు వెళ్లింది. నోరు మూసుకుని ఇంట్లో కూర్చోలేదు. అది చూసి తోటి నటీమణులు, దర్శకురాళ్లు, ఎడిటర్లు కొందరు ఒక్కటై 'విమెన్ ఇన్ సినిమా కలెక్టివ్' అనే సంస్థ పెట్టుకున్నారు. వాళ్లు ముఖ్యమంత్రిని కలిసి గట్టిగా అడిగారు. దాంతో జస్టిస్ హేమ సంఘం ఏర్పడింది.

సినిమాల్లో ఆడవాళ్లు పడే కష్టం అనగానే మనకు ఒకే విషయం తోస్తుంది. అవకాశం కావాలంటే 'కమిట్‌మెంట్' అడుగుతారు అని. ఆ నివేదికలో అదీ ఉంది. కానీ నన్ను ఎక్కువగా కలచివేసింది వేరే. ఔట్‌డోర్ షూటింగుల్లో మరుగుదొడ్డి ఉండదు. బట్టలు మార్చుకోవడానికి చాటు ఉండదు. హీరోయిన్‌కి క్యారవాన్ వస్తుంది. జూనియర్ ఆర్టిస్టుకి, హెయిర్ డ్రెస్సర్‌కి, అసిస్టెంట్ డైరెక్టరు అమ్మాయికి చెట్టూ పుట్టా చూసుకోవడమే. అందుకని వాళ్లు పొద్దున్నుంచి మంచినీళ్లు తాగడం మానేస్తారు. నెలసరి రోజుల్లో అయితే ఇక చెప్పనక్కర్లేదు. మూత్ర సంబంధమైన జబ్బులు తెచ్చుకున్నవాళ్లు ఉన్నారు. రాత్రిళ్లు హోటల్ గది తలుపులు ఎవరో తడతారని, ఆ భయానికి అమ్మనో అన్ననో వెంటబెట్టుకుని షూటింగుకి వెళ్లేవాళ్లు ఉన్నారు. ఒక ప్రభుత్వ సంఘం వచ్చి పిలిచి అడిగేదాకా, ఇన్నేళ్లుగా ఈ మాట దాదాపు ఎవరూ పైకి అనలేదు. అడిగినప్పుడు కూడా మొదట్లో చాలామంది నోరు విప్పడానికి భయపడ్డారు.

మరుగుదొడ్డి గురించి అడగడానికి భయమేమిటి? అది ఎవరి మీదా నేరారోపణ కాదు కదా. ఎవరి పరువూ పోదు. అయినా అడగలేదు. అడిగితే 'గొడవ మనిషి' అన్న పేరు వస్తుంది. ఆ పేరు వస్తే రేపటి షూటింగుకి పిలుపు రాదు. ఎందుకు రాలేదో ఎవరూ చెప్పరు. తీసేశారని అనడానికి అసలు పనిలోకి తీసుకున్నట్టు కాగితమే లేదు. ఈ రాత్రి మీతో చెప్పాలనుకున్నది ఇదే. కళా రంగాల్లో చెప్పుకోకూడని సంగతులు అని మనం అనుకునేవన్నీ, చెయ్యి వేయడం నుంచి జీతం ఎగ్గొట్టడం దాకా, ఒకే చోట నుంచి పుడుతున్నాయి. పని అంతా నోటి మాట మీద నడుస్తుంది. నోటి మాట మీద వచ్చిన పని నోటి మాట మీదే పోతుంది. ఆ స్థితిలో ఉన్న మనిషిని 'ధైర్యంగా మాట్లాడు' అనడం తేలిక.

హేమ సంఘం 2019 డిసెంబరు 31న నివేదిక ఇచ్చింది. అది ప్రజల ముందుకు వచ్చింది 2024 ఆగస్టు 19న. నాలుగున్నరేళ్లకు పైగా బీరువాలో ఉంది. పాత్రికేయులు సమాచార హక్కు కింద పోరాడారు, సమాచార కమిషన్ ఆదేశించింది, అది బయటికి రాకుండా ఆపాలని కొందరు కోర్టు మెట్లు ఎక్కారు. అవన్నీ దాటాక గానీ రాలేదు. వచ్చినా, ఆనవాళ్లు తెలిసే పేజీలూ పేరాలూ తీసేసిన ప్రతి వచ్చింది. అదైనా సరిపోయింది. వారం తిరగకుండానే కొందరు ఆడవాళ్లు తమ పేర్లతో, తమ ముఖాలతో టీవీల ముందుకు వచ్చారు. ఆగస్టు 27న మలయాళ నటుల సంఘం 'అమ్మ' కార్యవర్గం మొత్తం రాజీనామా చేసింది. ప్రభుత్వం ప్రత్యేక దర్యాప్తు బృందాన్ని వేసింది.

ఇక్కడితో ఆపితే కథ సుఖాంతంలా ఉంటుంది. కానీ సంఘం ముందు గోడు చెప్పుకున్నవాళ్లలో చాలామంది పోలీసులకు వాంగ్మూలం ఇవ్వడానికి రాలేదు. దాంతో ఆ నివేదిక ఆధారంగా పెట్టిన కేసులు మూసేయాల్సి వచ్చిందని 2025లో ప్రభుత్వం హైకోర్టుకు తెలిపింది. కొందరు దీన్ని చూపించి, చూశారా, అవన్నీ కట్టుకథలే అన్నారు. నేను ఒప్పుకోను. ముగ్గురు ఆడవాళ్ల ఎదుట తలుపులు మూసిన గదిలో చెప్పుకోవడం వేరు. ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరగడానికి, రేపటి నుంచి పని లేకుండా బతకడానికి సిద్ధపడడం వేరు. రెండో దానికి వాళ్ల దగ్గర ఏ ఆసరా ఉంది?

ఇప్పుడు మన ఇంటికి వద్దాం.

2018 ఏప్రిల్‌లో హైదరాబాదు ఫిల్మ్‌నగర్‌లో ఫిల్మ్ చాంబర్ ముందు, అవకాశాల కోసం 'కమిట్‌మెంట్' అడగడం మీద నటి శ్రీరెడ్డి నిరసన చేశారు. ఆ నిరసన తీరు చూసి తెలుగు ఇళ్లల్లో చాలామంది టీవీ కట్టేసి ఉంటారు. ఆమె తర్వాత అన్న మాటల్లో నాకు రుచించనివి ఉన్నాయి. అయితే ఆ రోజు మనం ఏం చేశామో గుర్తు చేసుకుందాం. ఆమె ఎలా నిలబడింది, ఏం వేసుకుంది, ఏం విప్పింది అన్నదే వారం రోజులు చర్చ. ఆమె ఏం అడిగింది అన్నది చివరికి వచ్చింది. ఆమెకు సభ్యత్వం ఇవ్వం, ఆమెతో మా సభ్యులు నటించరు అని నటీనటుల సంఘం ప్రకటించింది. జాతీయ మానవ హక్కుల సంఘం నోటీసులు ఇచ్చింది. ఆ తర్వాత నటీనటుల సంఘం ఆ మాట వెనక్కి తీసుకుంది. నోరు తెరిస్తే పని పోతుంది అన్న భయం ఎవరి ఊహా కాదని ఆ ఒక్క ప్రకటనే చెప్పింది. పైగా సంఘం దాన్ని విలేకరుల సమావేశం పెట్టి మరీ చెప్పింది.

ఆ వేడిలోనే మహిళా సంఘాల వాళ్లు హైకోర్టుకు వెళ్లారు. 2019లో తెలంగాణ ప్రభుత్వం ఒక ఉన్నత స్థాయి సంఘాన్ని వేసింది. దాని కింద ఉపసంఘం వేశారు. పరిశ్రమలో పని చేస్తున్న ఆడవాళ్లు కూడా అందులో కూర్చున్నారు. వాళ్లు ఎంతోమందితో మాట్లాడి 2022లో నివేదిక ఇచ్చారు. 2024 ఆగస్టులో కేరళ నివేదిక బయటపడినప్పుడు, మన నివేదిక సంగతేమిటి, దాన్ని బయటపెట్టండి అని నటి సమంత బహిరంగంగా అడగాల్సి వచ్చింది. అప్పటిదాకా అలాంటి నివేదిక ఒకటి ఉందన్న సంగతి తెలుగువాళ్లలో ఎంతమందికి తెలుసు? నూటికి ఒక్కరికి తెలిసినా గొప్పే. కేరళలో నాలుగున్నరేళ్లు తొక్కిపెట్టారని మనం కోప్పడ్డాం. మన సొంత నివేదిక గురించి అడగాలని కూడా మనకు తోచలేదు.

కృష్ణానగర్ వైపు పొద్దున్నే ఎప్పుడైనా వెళ్లారా? జూనియర్ ఆర్టిస్టులు, లైట్‌మెన్లు, మేకప్ వాళ్లు, డ్యాన్సర్లు యూనిట్ బండ్ల కోసం ఎదురుచూస్తుంటారు. జూనియర్ ఆర్టిస్టుని నిర్మాత నేరుగా పిలవడు. ఏజెంటుకో కోఆర్డినేటరుకో ఫోను చేసి, రేపు పెళ్లి సీను, యాభై మంది కావాలి అంటాడు. ఎవరు రావాలో ఆ కోఆర్డినేటరు నిర్ణయిస్తాడు. డబ్బు అతని చేతికి వస్తుంది. తన వంతు తీసుకుని మిగిలింది ఇస్తాడు. బేటా, అంటే రోజు భత్యం, కూడా అతని ద్వారానే. ఇప్పుడు చెప్పండి, ఆ కోఆర్డినేటరు హద్దు మీరితే ఆ అమ్మాయి ఎవరితో చెప్పుకోవాలి? నిర్మాతకు ఆమె పేరు తెలియదు. దర్శకుడికి ఆమె రెండో వరసలో ఎర్రచీర. అతని మీద ఫిర్యాదు చేసిన మర్నాటి నుంచి ఆమెకు ఫోను మోగదు. మంచి కోఆర్డినేటర్లు లేరని నేను అనడం లేదు. ఆ అమ్మాయి భద్రత అతని మంచితనం మీద ఆధారపడి ఉండడమే తప్పు అంటున్నాను.

ఈ నోటి మాట పద్ధతి చట్టానికి విరుద్ధం అంటే మీరు నమ్మరు. సినిమా కార్మికుల కోసం 1981లోనే పార్లమెంటు ఒక చట్టం చేసింది. రాతపూర్వక ఒప్పందం లేకుండా సినిమా కార్మికుణ్ణి పనిలో పెట్టుకోకూడదు అని అందులో ఉంది. దాన్ని కలిపేసుకుని 2020లో చేసిన వృత్తి భద్రత కోడ్‌లోనూ అదే నిబంధన ఉంది. నలభై ఏళ్లకు పైగా పుస్తకంలో ఉన్న మాట అది. అయినా ఈ రోజుకీ, అగ్రిమెంట్ ఇవ్వండి అని అడిగిన కొత్త నటిని 'మా మీద నమ్మకం లేదా అమ్మా?' అంటారు. 'మనమంతా ఒక కుటుంబం' అంటారు. కుటుంబం అన్న మాట విన్నప్పుడల్లా నాకు భయం వేస్తుంది. ఎందుకంటే మన కుటుంబాల్లో కూడా చెప్పుకోకూడనివి చాలా ఉంటాయి.

నేను రేడియో నాటికలు రాసినదాన్ని. కొన్నాళ్లు డబ్బింగ్ సినిమాలకు మాటలు కూడా రాశాను. ఒక సినిమాకి చివరి విడత డబ్బు ఇప్పటికీ రాలేదు. ఆ సంస్థ పేరు అనవసరం, అలాంటివి చాలా ఉన్నాయి. చెప్పదలచుకున్నది ఏమిటంటే, ఆ సినిమాకి పని చేసిన మేమెవరం ఒకరితో ఒకరం డబ్బు సంగతి మాట్లాడుకోలేదు. ఎవరికి ఎంత ఒప్పుకున్నారు, ఎవరికి ఎంత ముట్టింది అని అడగడం చిన్నతనం అనుకున్నాం. సరస్వతి దగ్గర లక్ష్మి మాట ఎత్తకూడదని మనకు చిన్నప్పుడే నూరిపోశారు. ఆ మర్యాద ఎవరికి లాభమో ఒక్కసారి ఆలోచించండి. పక్కవాడికి ఎంత ఇస్తున్నారో తెలియని మనిషి, తనకు ఎంత రావాలో కూడా చెప్పలేడు. నటుడి పారితోషికం కోట్లలో పత్రికలకెక్కుతుంది. అదే సినిమాలో తల్లి వేషం వేసిన నటికి ఎంత ఇచ్చారన్నది ఎక్కడా రాదు.

దీనికి విరుగుడు ఎలా ఉంటుందో 2025 ఆగస్టులో చూశాం. వేతనాలు 30 శాతం పెంచాలని తెలుగు సినిమా కార్మికుల ఫెడరేషన్ సమ్మె చేసింది. రెండు వారాలకు పైగా షూటింగులు ఆగాయి. ప్రభుత్వం కల్పించుకున్నాక ఒప్పందం కుదిరింది. అడిగినంతా రాలేదు గానీ పెంపు వచ్చింది. ఆ రోజుల్లో లైట్‌మన్ రోజు కూలి ఎంతో, డ్రైవరు బేటా ఎంతో టీవీల్లో బాహాటంగా మాట్లాడారు. సిగ్గుపడలేదు, భయపడలేదు. అందరూ కలిసి అడిగారు గనుక ఏ ఒక్కరి పేరూ 'గొడవ మనిషి' జాబితాలోకి ఎక్కలేదు. డబ్బు విషయంలో సాధ్యమైంది మరుగుదొడ్డి విషయంలో ఎందుకు సాధ్యం కాదు? యూనియన్ల కార్యవర్గాల్లో ఆడవాళ్లు ఎంతమంది ఉన్నారో చూస్తే జవాబు కొంత దొరుకుతుంది.

ఒంటరిగా మాట్లాడి నెగ్గినవాళ్లు మన దగ్గర లేరా అంటే ఉన్నారు. వాళ్లను కాస్త దగ్గరగా చూడాలి.

దేవదాసి అయిన బెంగుళూరు నాగరత్నమ్మ సంగతి చెబుతాను. తంజావూరు ఆస్థానంలో పద్దెనిమిదో శతాబ్దంలో ముద్దుపళని అనే వేశ్య 'రాధికా సాంత్వనం' అనే శృంగార కావ్యం రాసింది. ఆడది, అందులోనూ వేశ్య, తన కోరిక గురించి తానే రాయడం పెద్దలకు మింగుడుపడలేదు. కందుకూరి వీరేశలింగం పంతులుగారు కవుల చరిత్రలో ఆమెను దుయ్యబట్టారు. అంతకు ముందు అచ్చయిన ప్రతిలో ముద్దుపళని తన వంశం గురించి చెప్పుకున్న పద్యాలు కూడా తీసేశారు. నాగరత్నమ్మ అసలు ప్రతి సంపాదించి, పరిష్కరించి, 1910లో వావిళ్ల వారి చేత అచ్చు వేయించింది. పీఠికలో పంతులుగారిని నిలదీసింది. సిగ్గు ఆడవాళ్లకే గానీ మగవాళ్లకు లేదా అని అడిగింది. అంతకన్నా పచ్చి శృంగారం రాసిన మగకవులను ఆయనే మెచ్చుకున్నారు గదా అని గుర్తు చేసింది. మరుసటి ఏడాది, 1911లో, ప్రభుత్వం ఆ పుస్తకాన్ని అశ్లీలమని నిషేధించింది. ప్రతులు పట్టుకుపోయారు. ఆ నిషేధం 1947లో గానీ తొలగలేదు.

నాగరత్నమ్మ అంత గట్టిగా ఎలా నిలబడింది? ఆమె మద్రాసులో పేరు మోసిన గాయని. సొంత ఇల్లు, సొంత ఆస్తి, సంస్కృతం తెలుగు కన్నడం బాగా వచ్చిన చదువు ఉన్నాయి. తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధికి తన డబ్బుతో గుడి కట్టించిన మనిషి. అక్కడి ఆరాధనలో ఆడవాళ్లను పాడనివ్వకపోతే, ఆడవాళ్లను కూడగట్టి వేరే ఆరాధన జరిపింది. కొన్నేళ్లకు పెద్దలు దిగివచ్చారు. ఇప్పుడు పంచరత్న కీర్తనలు అందరూ కలిసి పాడుతుంటే టీవీలో చూసి మనం మురిసిపోతాం. ఆ వరసలో ఆడవాళ్లు కూర్చోగలగడానికి ఒక దేవదాసి పోట్లాట కారణం.

నటి భానుమతిగారి సంగతీ అంతే. 'మిస్సమ్మ'కు మొదట అనుకున్నది ఆవిడనే. కొంత షూటింగు కూడా జరిగింది. నిర్మాత చక్రపాణిగారితో మాట పట్టింపు వచ్చింది. ఆవిడ తగ్గలేదు, బయటికి వచ్చేశారు. ఆ పాత్ర సావిత్రికి వెళ్లింది. అంత పెద్ద సంస్థతో చెడినా భానుమతిగారికి పని ఆగలేదు, ఆగదని ఆవిడకు తెలుసు. ఎందుకంటే వెనుక సొంత భరణీ పిక్చర్స్ ఉంది. తన సినిమా తాను తీసుకోగలదు, తానే దర్శకత్వం చేసుకోగలదు, తన పాట తాను పాడుకోగలదు. ఆవిడ పొగరు గురించి వందమంది వంద కథలు చెబుతారు. ఆ పొగరు కింద ఉన్న ఆస్తిపాస్తుల గురించి చెప్పరు.

మరి ఆస్తీ పేరూ లేని మనిషి మాట్లాడితే ఏమవుతుంది? రాజస్థాన్‌లో భంవరీ దేవి అని ఒక గ్రామ స్థాయి కార్యకర్త. ప్రభుత్వ కార్యక్రమం కింద కొద్దిపాటి జీతానికి పని చేసేది. బాల్య వివాహాన్ని ఆపబోయినందుకు 1992లో ఆమెపై సామూహిక అత్యాచారం చేశారు. కింది కోర్టు నిందితులను వదిలేసింది. అయినా ఆమె వెనకడుగు వేయలేదు. మహిళా సంఘాలు ఆమె వెంట నిలిచి సుప్రీంకోర్టుకు వెళ్లాయి. 1997లో విశాఖ మార్గదర్శకాలు వచ్చాయి. విశాఖ అంటే మన విశాఖపట్నం అనుకునేరు, అది కోర్టుకు వెళ్లిన సంస్థ పేరు. ఆ మార్గదర్శకాల నుంచే 2013లో పని చోట లైంగిక వేధింపుల నిరోధక చట్టం పుట్టింది. ఈ రోజు బంజారాహిల్స్‌లో ఏసీ ఆఫీసులో పని చేసే అమ్మాయికి ఉన్న రక్షణ, ఆ పల్లెటూరి కుమ్మరి ఇల్లాలు పెట్టిన భిక్ష. ఆమెకు మాత్రం అత్యాచారం కేసులో న్యాయం దక్కలేదు.

రచయితల సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. సినిమా రచయితల గదుల్లో పేరు లేకుండా రాసేవాళ్లు ఎప్పుడూ ఉన్నారు. 1953 నాటి 'దేవదాసు' పాటలు సముద్రాల రాఘవాచార్యగారి పేరుతో వచ్చాయి. అందులో మల్లాది రామకృష్ణశాస్త్రిగారి చెయ్యి ఉందన్న వాదన డెబ్బై ఏళ్లు దాటినా ఆగలేదు. ఇద్దరూ మహానుభావులే. ఆ రోజుల్లో ఎవరు ఏది రాశారో కాగితం మీద ఉండి ఉంటే, ఇద్దరిలో ఎవరి మీదా ఈ నీడ పడేది కాదు. పాటల రచయితలకు, సంగీత దర్శకులకు 2012లో కాపీరైటు చట్టాన్ని సవరించి పెద్ద మేలు చేశారు. సినిమా హాలు బయట పాటను వాడుకున్నప్పుడు వచ్చే రాయల్టీలో వాళ్ల వాటాను వారసులకో కాపీరైటు సొసైటీకో తప్ప ఇంకెవరికీ రాసిచ్చే వీలు లేకుండా చేశారు. జావేద్ అఖ్తర్ రాజ్యసభలో కూర్చుని పోరాడితే వచ్చింది అది. మాటల రచయిత దగ్గర సహాయకులుగా పని చేసే కుర్రాళ్లకు మాత్రం టైటిల్ కార్డులో పేరు పడితే చాలు, అదే పదివేలు అన్న స్థితి.

కులం మాట ఎత్తకపోతే ఈ ప్రసంగం అబద్ధమవుతుంది. వేదికల మీద కళకు కులం లేదంటాం. ఆఫీసు గదిలో కొత్త కుర్రాడు కథ చెప్పడానికి వస్తే, వాడు బయటికి వెళ్లగానే 'మనవాళ్లేనా?' అని అడుగుతాం. ఊరి పేరు అడిగేదీ, ఇంటిపేరు అడిగేదీ, తండ్రి ఏం చేస్తాడని అడిగేదీ అందుకే. మలయాళంలో తొలి కథానాయిక పి.కె. రోజీ దళిత స్త్రీ. నాయర్ స్త్రీ పాత్ర వేసిందని అగ్రకులాల వాళ్లు దాడి చేశారు. ఆమె ఊరు వదిలి పారిపోయింది, మళ్లీ తెర మీదకు రాలేదు. ఇప్పుడు అలా దాడి చేయరు. అవకాశం ఇవ్వరు, అంతే. ఎందుకివ్వలేదో చెప్పాల్సిన అవసరం లేని చోట కులానికి పని సులువు.

మనసో ఒళ్లో బాగోలేదని చెప్పుకోవడం కూడా ఈ రంగంలో నేరంలాగే ఉంటుంది. 2015లో దీపికా పదుకొణె తన కుంగుబాటు గురించి, 2022లో సమంత తన జబ్బు గురించి బయటికి చెప్పారు. వాళ్లకు నా నమస్కారం. వాళ్ల స్థాయి లేనివాళ్లు చెబితే, ఆరోగ్యం బాగోలేదట, డేట్లు ఇవ్వలేకపోవచ్చు అని ఇంకొకరిని పెట్టుకుంటారు. మీరు గానీ మీవాళ్లు గానీ కుంగుబాటు లాంటి చీకట్లో ఉంటే 14416కు ఫోను చేయండి. టెలీ మానస్ అంటారు. ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

ఇక వేధింపుల గురించి తరచూ వినే ప్రశ్న. అప్పుడే ఎందుకు చెప్పలేదు, ఇన్నేళ్ల తర్వాత ఇప్పుడెందుకు? గాయని చిన్మయి 2018లో తన అనుభవం చెప్పారు. చెప్పిన వారాల్లోనే తమిళ డబ్బింగ్ కళాకారుల సంఘం నుంచి ఆమె సభ్యత్వం పోయింది. చందా కట్టలేదన్నది వాళ్లు చూపిన కారణం. అంతటి గాయనికే అలా జరిగితే, మిగతావాళ్లు ఎందుకు ఆగారో వేరే చెప్పాలా? ఆరోపణ వచ్చిన మనిషికి కూడా తన మాట చెప్పుకునే హక్కు ఉంది. దాన్ని నేను కాదనను. అందుకే సోషల్ మీడియా తీర్పుల కన్నా సరైన విచారణ సంఘం ఇద్దరికీ మేలు. అలాంటి సంఘం లేని చోట, అందరి ముందూ అరవడం ఒక్కటే ఆమెకు మిగిలే దారి.

ఆ 2013 చట్టం ఏం చెబుతుందో దయచేసి రాసుకోండి. పదిమంది లేక అంతకన్నా ఎక్కువ మంది పని చేసే ప్రతి చోటా అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉండాలి. ప్రతి సినిమా నిర్మాణ యూనిట్‌కీ ఇది వర్తిస్తుందని కేరళ హైకోర్టు 2022లో తీర్పు చెప్పింది. రోజు కూలికి వచ్చినా, ఏజెంటు ద్వారా వచ్చినా, శిక్షణలో ఉన్నా ఆమె చట్టం దృష్టిలో ఉద్యోగే. షూటింగు స్పాటు, బస చేసిన హోటలు, యూనిట్ పంపిన కారు, అన్నీ పని చోటే. పదిమంది లేని చోట జిల్లాలోని స్థానిక కమిటీకి వెళ్లవచ్చు. ఫిర్యాదు మూడు నెలల్లో ఇవ్వాలి, కారణం ఉంటే ఇంకో మూడు నెలలు గడువు పెంచుతారు. ఫిర్యాదు చేసిన ఆమె పేరు బయటపెట్టకూడదు. వెంటనే సాయం కావాలంటే మహిళా హెల్ప్‌లైన్ నంబరు 181.

ఈ ప్రసంగం వింటున్న తల్లిదండ్రులకు ఒక మాట. మీ అమ్మాయి నటిస్తాను, ఎడిటింగ్ నేర్చుకుంటాను, అసిస్టెంట్ డైరెక్టరుగా చేరతాను అంటే, అక్కడికెందుకమ్మా అని ఆపకండి. అగ్రిమెంట్ ఇచ్చారా, డబ్బు ఎవరి చేతుల మీదుగా వస్తుంది, ఫిర్యాదుల కమిటీలో ఎవరున్నారు అని అడగడం నేర్పండి. ఏదైనా జరిగిందని ఇంటికొచ్చి చెబితే, నువ్వెందుకు వెళ్లావు అన్న ప్రశ్న మాత్రం వేయకండి. యూనియన్ పెద్దలకు ఇంకో మాట. వచ్చేసారి వేతనాల గురించి చర్చకు కూర్చున్నప్పుడు, మరుగుదొడ్డి, బట్టలు మార్చుకునే గది, రాతపూర్వక ఒప్పందం, ఈ మూడింటినీ మీ డిమాండ్ల పత్రంలో కూలి రేటు పక్కనే రాయండి. తెలంగాణ ప్రభుత్వానికి నా విన్నపం ఒక్కటే. బాధితుల ఆనవాళ్లు తీసేసి, 2022లో ఉపసంఘం ఇచ్చిన నివేదికను తెలుగులో అచ్చు వేసి ప్రజలకు ఇవ్వండి. అందులో తమ గోడు చెప్పుకున్న ఆడవాళ్లకు ఆ మాత్రం బాకీ ఉన్నాం.